వినేవారికీ విశ్రాంతి కావాలి
పనిలోనూ, కౌన్సెలింగ్‌లోనూ ఒత్తిడిని అదుపులో ఉంచుకోవడం: ఒక పాఠం



ప్రతి ఏటా ఈ సంచికలో మనం లెక్కలు చూసుకుంటాం. ఎందరు పిల్లలకు ఫీజులు కట్టాం, ఎన్ని ఇళ్లకు రంజాన్ రేషను చేరింది, ఎందరి వైద్యానికి సాయపడ్డాం అన్నవి అంకెల్లో కనిపిస్తాయి. అంకెలకు అందని పని ఒకటుంది. స్కాలర్‌షిప్ ఫారం ఇవ్వడానికి వచ్చిన తల్లి ఒక్కోసారి ఫారం ఇచ్చిన తరువాత కూడా కుర్చీలోంచి లేవదు. ఫారం తెలుగులో నింపుతుంది, బాధ మాత్రం ఉర్దూలో చెబుతుంది. తాగి వచ్చే భర్త, వడ్డీకి తెచ్చిన అప్పు, అత్తవారింటి నుంచి తిరిగొచ్చిన కూతురు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. బల్లకు ఇవతల ఉన్నవారు కలం పక్కన పెట్టి వినవలసిందే. ఆ వినడాన్ని కాస్త పద్ధతిగా చేస్తే దానికే కౌన్సెలింగ్ అని పేరు.

ఈ వ్యాసం బల్లకు ఇవతలి కుర్చీలో కూర్చున్నవారి గురించి. మేము ఉపాధ్యాయులం కనుక పాఠం చెప్పే వరుసలోనే రాస్తున్నాం. ఒత్తిడి అంటే ఏమిటి, అది పనిలో ఎక్కడ పుడుతుంది, వినేవారిని ఎలా పట్టుకుంటుంది, దానికి ఎవరికివారు ఏం చేసుకోవాలి, సంస్థ ఏం చేయాలి, దాతలు ఏం చేయాలి అన్నదే ఆ వరుస. దుకాణం నడిపేవారికీ, ఆఫీసుకు వెళ్లేవారికీ కూడా ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

1. ఒత్తిడి అంటే ఏమిటి?

ఆపద ఎదురైనప్పుడు శరీరం తనంతట తానే సిద్ధమవుతుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. కొంతసేపటికి కార్టిసాల్ అనే మరో హార్మోను రక్తంలోకి చక్కెరను అందిస్తుంది. ఇది అల్లాహ్ మనకిచ్చిన రక్షణ ఏర్పాటు. పరీక్ష ముందు విద్యార్థికి, పండగ ముందు దుకాణదారుకు కొంత ఒత్తిడి ఉండటం మంచిదే. దానివల్లే పని పూర్తవుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఆపద పోయినా శరీరం మామూలు స్థితికి రానప్పుడు. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో తన ప్రయోగాలను ప్రకటించి, దీర్ఘకాలపు ఒత్తిడికి మూడు దశలున్నాయని వివరించారు. మొదటిది ఉలికిపాటు, రెండవది తట్టుకోవడం, మూడవది అలసిపోవడం. రెండవ దశలో ఉన్నవారు బయటికి బాగానే కనిపిస్తారు. “ఎంత ఓపికండీ మీకు” అని అందరూ మెచ్చుకునేది అప్పుడే. లోపల నిల్వ తరిగిపోతున్న సంగతి ఎవరికీ తెలియదు.

పొలంలో బోరు మోటారును చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. మోటారు ఉన్నదే నడవడానికి. రోజుల తరబడి ఆపకుండా నడిపితే మాత్రం లోపలి కాయిల్ కాలిపోతుంది. కాలిపోయేదాకా నీళ్లు వస్తూనే ఉంటాయి కనుక, అంతవరకు ఎవరూ దానివైపు చూడరు.

2. పనిలో ఒత్తిడి ఎక్కడ పుడుతుంది?

పని ఎక్కువైతేనే ఒత్తిడి అని మనం అనుకుంటాం. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో దీన్ని మరింత నిశితంగా చూపించారు. పని భారం ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించుకునే అధికారం తక్కువగా ఉన్నచోట మనిషి ఎక్కువగా నలిగిపోతాడు. భారం అంతే ఉన్నా, చేసే తీరు తన చేతిలో ఉన్నవాడు దాన్ని తట్టుకోగలుగుతాడు.

బట్టల దుకాణంలో రంజాన్ చివరి పది రోజులు గుర్తు తెచ్చుకోండి. యజమాని, సేల్స్ కుర్రాడు ఇద్దరూ అర్ధరాత్రి దాటేదాకా నిలబడతారు. యజమానికి ఎప్పుడు కూర్చోవాలో, ఏ బేరం వదులుకోవాలో తన ఇష్టం. కుర్రాడికి ఆ వీలు లేదు. గిరాకీ కోపం, యజమాని కోపం రెండూ అతని మీదే పడతాయి. అతనికి ఇఫ్తార్‌కు నిలకడగా అరగంట, వారానికి ఏ రోజు సెలవో ముందే తెలియడం, చిన్న తగ్గింపు తానే ఇవ్వగల స్వేచ్ఛ ఉంటే భారం సగం దిగుతుంది. యజమానికి దీనివల్ల పెద్ద ఖర్చేమీ లేదు.

పనివారిని సోదరులుగా చూడాలని, వారి శక్తికి మించిన పని మోపవద్దని, మోపవలసి వస్తే తామూ చేయి కలపాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. మనలో చాలామంది దాతలు యజమానులు కూడా. ఒత్తిడి గురించిన పాఠం ముందుగా మన దుకాణం గల్లా దగ్గరే మొదలు కావాలి.

3. వినేవారి మీద పడే ప్రత్యేకమైన బరువు

ఈ రోజుల్లో ఐటీ ఉద్యోగుల నోట ఎక్కువగా వినిపించే ‘బర్న్‌అవుట్’ అన్న మాట పెద్ద కంపెనీలలో పుట్టినది కాదు. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్క్‌లో పేదల కోసం నడిచే ఒక ఉచిత క్లినిక్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు. ఎంతో ఉత్సాహంతో వచ్చిన కార్యకర్తలు కొంతకాలానికి నీరసించి, చిరాకుపడి, పని మీద నమ్మకం పోగొట్టుకోవడం గమనించి 1974లో ఆ పేరుతో వ్యాసం రాశారు. అంటే ఈ జబ్బు లక్షణాలను మొదట గుర్తించిన చోట్లలో మనలాంటి సేవా సంస్థ ఒకటి. అందరికంటే ఎక్కువ అంకితభావం ఉన్నవారే ముందుగా దీని బారిన పడతారని కూడా ఆయన గమనించారు.

తరువాత క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. అందులో మూడు లక్షణాలున్నాయి. ఒకటి, మనసు ఎండిపోవడం. రెండు, ఎదుటివారిని మనిషిగా కాక ఒక ‘కేసు’గా చూడటం. మూడు, తాను చేస్తున్నదానివల్ల ఏమీ ఒరగడం లేదనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌ను తన వర్గీకరణలో పని స్థలానికి సంబంధించిన పరిణామంగా చేర్చింది, వ్యాధిగా కాదు. దీన్నిబట్టి మనం గ్రహించవలసింది, మనిషితో పాటు పని ఏర్పాటును కూడా సరిచేయాలని.

మన ఊళ్లలో కౌన్సెలింగ్ చేసేవారికి ఈ బరువు ఎక్కువ కావడానికి కారణాలు ఇవి.

మొదటిది, అమానత్. విన్నది బయట చెప్పకూడదు. ఇంట్లో భర్తకో, భార్యకో కూడా చెప్పరాదు. అందుకే విన్నదంతా లోపలే ఉండిపోతుంది.

రెండవది, ఫలితం మన చేతిలో లేకపోవడం. ఎంత చెప్పినా ఆ భర్త మళ్లీ తాగవచ్చు, ఆ పిల్ల మళ్లీ చదువు మానవచ్చు.

మూడవది, అందరూ తెలిసినవారే కావడం. నగరంలో కౌన్సెలర్ క్లినిక్ తలుపు వేసి ఇంటికి వెళతారు. మన దగ్గర పొద్దున గొడవ చెప్పుకున్న కుటుంబం సాయంత్రం వలీమాలో పక్క బల్ల మీదే కూర్చుంటుంది. మగ్రిబ్ తరువాత మసీదు మెట్ల దగ్గర ఇంకొకరు ఆపుతారు. రాత్రి పదకొండుకు ఫోన్ మోగుతుంది.

నాలుగవది, సానుభూతి హద్దు దాటడం. కౌన్సెలింగ్ విద్యకు పునాది వేసినవారిలో ఒకరైన కార్ల్ రోజర్స్ 1957లో దీన్ని చక్కగా వివరించారు. ఎదుటివారి బాధను అది తనదే అన్నంత దగ్గరగా తెలుసుకోవాలి. అయితే అది తనది కాదన్న ఎరుక మాత్రం పోకూడదు. బావిలో పడినవాడికి తాడు వేసేవాడు గట్టు మీద కాళ్లు నిలదొక్కుకుని ఉండాలి. తానూ దూకితే ఇద్దరికీ మూడవ మనిషి కావలసి వస్తుంది.

4. ముందుగా గుర్తించే గుర్తులు

ఈ కింది వాటిలో మూడు నాలుగు రెండు వారాలకు పైగా కనిపిస్తే జాగ్రత్తపడాలి.

నిద్ర పట్టకపోవడం, లేదా ఎంత పడుకున్నా అలసట తీరకపోవడం. మెడ, భుజాలు, తల తరచూ నొప్పి పెట్టడం. ఇంట్లో పిల్లల మీద కారణం లేకుండా విసుక్కోవడం. ఒక పేరు ఫోనులో కనిపించగానే గుండె దడదడలాడటం. చెప్పేవారి మాట పూర్తికాకముందే సలహా ఇచ్చేయడం. “వీళ్లంతా ఇంతే” అన్న మాట నోటికి రావడం. నమాజ్‌లో నిలబడినా విన్న గొడవలే చెవిలో తిరగడం.

చివరి మూడూ ముఖ్యమైనవి. అవి కనిపించాయంటే వినేవారి ఆరోగ్యంతోపాటు, వచ్చినవారికి అందే సాయం కూడా పాడవుతోందని అర్థం.

5. ఎవరికివారు చేసుకోవలసినవి

వినడానికి ముందు. 9, 10 శతాబ్దాలలో జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరానికీ, మనసుకూ ఆరోగ్యాన్ని చెబుతూ ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే గ్రంథం రాశారు. కోపం, భయం, దుఃఖం, విడవని చెడు ఆలోచనలు అంటూ మనోబాధలను విడివిడిగా చర్చించిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. జ్వరానికి మందు ఇంట్లో ముందే ఉంచుకున్నట్టు, మనసు తల్లడిల్లే వేళకు పనికొచ్చే ఆలోచనలను నెమ్మదిగా ఉన్నప్పుడే సిద్ధం చేసి పెట్టుకోవాలని ఆయన సలహా. కౌన్సెలింగ్‌కు కూర్చునే ముందు రెండు నిమిషాలు మౌనంగా కూర్చుని, “నేను చేయగలిగింది చేస్తాను, మార్చేవాడు అల్లాహ్” అని మనసుకు చెప్పుకోవడం అలాంటి మందే.

వింటున్నప్పుడు. పాదాలు రెండూ నేల మీద ఆనించి కూర్చోవాలి. గుండె వేగం పెరిగినట్టు తోస్తే నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలాలి. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గడం శరీర ధర్మం. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్న బోధ కూడా ముందు శరీరాన్ని నెమ్మదింపజేసేదే.

విన్న తరువాత. ఒక కుటుంబానికీ, మరో కుటుంబానికీ మధ్య కనీసం పది నిమిషాలు విరామం ఉండాలి. పేర్లు లేకుండా మూడు వాక్యాలు రాసుకోవాలి. ఏం విన్నాం, ఏం చేశాం, తరువాతి అడుగు ఏమిటి. కాగితం మీద పడిన మాట మనసులో అంతగా తిరగదు. తరువాత వుజూ చేసుకుని, నాలుగడుగులు నడిచి వస్తే ఒక పని ముగిసిందని శరీరానికి తెలుస్తుంది.

ఇంటికి వెళ్లాక. సల్మాన్ ఫార్సీ (రజి), అబూ దర్దా (రజి)ల సంఘటన మనకు తెలిసిందే. అబూ దర్దా పగలంతా ఉపవాసాలు, రాత్రంతా నమాజులతో ఇంటిని, తనను తాను పట్టించుకోవడం మానేశారు. ఇంటికి వచ్చిన సల్మాన్ ఆయనచేత అన్నం తినిపించారు, రాత్రి మొదటి భాగంలో పడుకోబెట్టారు, చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు హక్కున్నట్టే నీ దేహానికి, నీ ఇంటివారికి కూడా నీ మీద హక్కుందని చెప్పారు. ఈ సంగతి దైవప్రవక్త (స) దగ్గరకు వెళితే సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు సేవకు ఉండదా? నిద్ర, భోజనం, పిల్లలతో గడిపే పొద్దు సేవలోంచి దొంగిలించినవి కావు.

హద్దు తెలుసుకోవడం. కౌన్సెలర్ డాక్టరు కాదు, పోలీసు కాదు, ఖాజీ కాదు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే వారిని ఒంటరిగా వదలకుండా ఇంటివారికి చెప్పి, మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. స్త్రీలకు 181, పిల్లలకు 1098 ఉన్నాయి. పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, అక్కడ అమానత్ పేరుతో మౌనం చెల్లదు. ఈ దారులు తెలిసి ఉంటే, అన్నీ తానే మోయాలన్న భారం కౌన్సెలర్‌కు ఉండదు.

6. సంస్థ చేయవలసిన ఏర్పాట్లు

పైన చెప్పినవన్నీ పాటించినా, ఏర్పాటు సరిగా లేకపోతే మనిషి నిలబడలేడు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రిటైరైన ఒక ఉపాధ్యాయురాలు వారానికి మూడు సాయంత్రాలు ఆఫీసుకు వస్తారు. స్త్రీలంతా ఆమెను “ఆపా” అంటారు, ఆమెకు తప్ప ఇంకొకరికి చెప్పరు. ఏడాది గడిచేసరికి మూడు సాయంత్రాలు ఆరవుతాయి. ఒకరోజు ఆమె ఆరోగ్యం బాగాలేదని మానేస్తారు. మనం ఆమెకు శాలువా కప్పి సన్మానిస్తాం. కాని ఆపాకు మాత్రమే తమ గుట్టు చెప్పుకున్న ఆ స్త్రీల సంగతేమిటి? కొత్తవారి ముందు మొదటినుంచి చెప్పుకోవాలి. చాలామంది చెప్పుకోరు, ఇంట్లోనే భరిస్తారు. వినేవారు అలసి తప్పుకుంటే అసలు నష్టం పడేది వారి మీద.

అందుకే ఈ నియమాలు సంస్థ పుస్తకంలో రాసి ఉండాలి.

ఒకటి, ఒక్కరే కూర్చోకూడదు. ఫిరౌన్ దగ్గరకు వెళ్లమని ఆజ్ఞ అయినప్పుడు మూసా (అలైహిస్సలాం) తన సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని అడిగిన సంగతి తాహా సూరాలో ఉంది. ఆ మొర ఆలకించబడింది. ప్రవక్త తోడు అడిగితే తప్పులేనప్పుడు మన కార్యకర్త అడగడంలో తప్పేముంది?

రెండు, రోజుకు ఇన్ని కుటుంబాలే అని పరిమితి ఉండాలి. కొత్తవారికి మూడు, అనుభవం ఉన్నవారికి నాలుగు మించకూడదని మా అభిప్రాయం.

మూడు, కౌన్సెలింగ్‌కు వేరే ఫోన్ నంబరు, దానికి వేళలు ఉండాలి. ఆ నంబరు ఒకరి సొంతం కాకుండా వంతుల వారీగా చేతులు మారాలి.

నాలుగు, శిక్షణ పొందిన సైకాలజిస్టుతో నెలకు ఒకసారి కౌన్సెలర్లు కూర్చోవాలి. పేర్లు చెప్పకుండా బరువైన విషయాలు చర్చించుకోవాలి. దీన్ని సూపర్‌విజన్ అంటారు. అమానత్ చెడకుండా లోపలి భారం దించుకునే దారి ఇదే.

ఐదు, ఏడాదిలో ఒక నెల సెలవు. అడిగితే ఇచ్చేది కాక, ముందే క్యాలెండరులో రాసి ఉన్నది కావాలి.

7. దాతలకు మా విన్నపం

“మేమిచ్చింది పేదవారికే చేరాలి, ఆఫీసు ఖర్చులకు కాదు” అని దాతలు అంటూ ఉంటారు. ఆ జాగ్రత్త మంచిదే, ఆ జాగ్రత్తే సంస్థలను నిజాయితీగా ఉంచుతుంది. అయినా రెండు విషయాలు ఆలోచించమని కోరుతున్నాం.

తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల ప్రస్తావన ఉంది. నిరుపేదల తరువాత మూడవ వర్గంగా వచ్చేది జకాత్ వసూలు, నిర్వహణ పనిలో ఉన్నవారే. కౌన్సెలర్ల ఖర్చు జకాత్‌లోంచి పెట్టమని మేము అనడం లేదు. అది ఉలమాలు చెప్పవలసిన విషయం. మేము అడుగుతున్నది సాధారణ విరాళాల నుంచే. ఆ ఆయత్‌లోంచి మేము గ్రహించిన నీతి మాత్రం ఇది: పేదలకోసం పనిచేసేవారి అవసరం కూడా లెక్కలోకి రావాలి.

చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచింది. మనోవ్యాధిగ్రస్తులకు కూడా అక్కడ చోటుండేది. రోగుల భోజనం, మందులతోపాటు వైద్యులకు, పరిచారకులకు జీతాలు కూడా వక్ఫ్ నుంచే అందేవి. ఇచ్చినవారు మందుసీసాతో ఆగకుండా, మందు తాగించే చేతిని కూడా తలచుకున్నారు.

కాబట్టి వచ్చే ఏడాది బడ్జెట్‌లో ‘కౌన్సెలర్ల సంరక్షణ’ అనే ఒక పద్దు చేర్చాలని కోరుతున్నాం. రెండవ కార్యకర్తకు దారి ఖర్చులు, సైకాలజిస్టుకు నెలకొక పూట గౌరవ వేతనం, తలుపు వేసుకోగల ఒక చిన్న గది, ఒక ఫోన్. ఇంతే. ఒక ఇంటి పెళ్లిలో ఒక పూట వడ్డించే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

డబ్బు ఇవ్వలేనివారు ఇంకోలా సాయపడవచ్చు. మీ పరిచయంలో ఉన్న కౌన్సెలర్‌ను, టీచర్‌ను, నర్సును, మసీదు ఇమామ్‌ను చూసినప్పుడు, “ఇంకా ఎవరెవరి సమస్యలున్నాయి?” అని అడిగే ముందు “మీరెలా ఉన్నారు, సరిగా నిద్రపోతున్నారా?” అని అడగండి. వారు జవాబు చెప్పేదాకా ఆగండి.

అభ్యాసం

పాఠం చివర ప్రశ్నలు ఇవ్వడం మా అలవాటు. ఈ రాత్రి ఇషా తరువాత ఐదు నిమిషాలు తీసుకుని ఆలోచించండి.

ఒకటి, ఈ వారం నా పనిలో నా చేతిలో ఉన్నవి ఏవి, లేనివి ఏవి? రెండు, నా కింద పనిచేసేవారికి నేను ఇవ్వగలిగి కూడా ఇవ్వని స్వేచ్ఛ ఏది? మూడు, నేను ఎవరి మీద అన్నీ మోపి, వారి ఓపికను మెచ్చుకుంటూ ఊరుకున్నాను? నాలుగు, నా బరువు చెప్పుకోవడానికి నాకు ఎవరున్నారు?

మూడవ ప్రశ్నకు ఒక పేరు తోచితే, రేపు వారిని కలవండి. ఈ పాఠంలో మేము ఇచ్చే ఇంటిపని అదే.

అల్లాహ్ ఇచ్చేవారి చేతినీ, వినేవారి మనసునూ బలంగా ఉంచుగాక. ఆమీన్.